ఎవరు ఏం దాచుకున్నారు? బాలనాగమ్మ నాటకంలో మనుషులు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో ఆయన్ని శంషాబాద్‌లో పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన సారే. పగలు బళ్ళో తెలుగు వాచకం, పొద్దుగూకాక అరుగు మీద హార్మోనియం. సారు లెక్కలో నాటకమంటే పౌరాణికం. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్ర, చిలకమర్తి వారి గయోపాఖ్యానం, ఆ తర్వాతే ఇంకేదైనా. ఎవరైనా బాలనాగమ్మ పేరెత్తితే నవ్వి ఊరుకునేవారు. మరీ పట్టుబడితే, అందులో పాత్రలు ఎక్కడున్నాయి, పరదాలూ పొగలూ తప్ప, అనేవారు. మంచివాడు మంచివాడే, చెడ్డవాడు చెడ్డవాడే, మధ్యలో ఒక చిలుక, అంతే అని ఆయన తీర్పు.

ఆ తీర్పు మీద అప్పీలు చేయడానికి వచ్చాను. స్మారకోపన్యాసంలో స్మరించాల్సిన మనిషితోనే వాదం పెట్టుకోవడం మర్యాదేనా అని కమిటీ వారు అడగలేదు గానీ, నాకే ఓసారి అనిపించింది. సారుతో వాదించనివాడికి ఆయన మార్కులు వేసేవారు కాదు. ఆ ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

ముందు కథ. మీలో తెల్లజుట్టు వారికి అక్కర్లేదు, వెనక వరసల్లో ఉన్న పిల్లల కోసం. పానుగంటి ఏలిన నవభోజరాజు ఏడుగురు కూతుళ్ళలో చిన్నది బాలనాగమ్మ. తల్లి పోయింది, సవతితల్లి వచ్చింది, పిల్లలు అడవి పాలయ్యారు, పెరిగి పెద్దయి పెళ్ళిళ్ళు చేసుకొని కుదుటపడ్డారు. బాలనాగమ్మ భర్త కార్యవర్ధి రాజు. కొడుకు బాలవర్ధి ఉయ్యాలలో ఉండగా, భర్త ఇంట లేని వేళ చూసి, మాయల మరాఠీ బిచ్చగాడిలా గుమ్మం ముందుకొచ్చాడు. కొందరు మాయల ఫకీరు అంటారు, మనిషి ఒకడే. ఆమెను కుక్కను చేసి నాగళ్ళపూడి గట్టుకు తీసుకుపోయాడు. వెతుక్కుంటూ వెళ్ళిన భర్తా, వెంట వెళ్ళిన పరివారమూ రాళ్ళయి పడ్డారు. ఆమె నోము పట్టానని చెప్పి మరాఠీ దగ్గర గడువు అడిగింది. ఏళ్ళు గడిచాయి. పెరిగిన కొడుకు తల్లిని వెతుక్కుంటూ వచ్చి, పూలు కట్టే తంబళి పెద్ది ఇంట చేరి, ఆమె మనవడిగా చెలామణీ అవుతూ కోటలోకి దారి చేసుకున్నాడు. మరాఠీ ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందని తల్లి రాబట్టింది, కొడుకు వెళ్ళి ఆ చిలుకను పట్టుకొచ్చాడు. తర్వాత ఏమైందో మీకు తెలుసు.

బుర్రకథగా ఈ కథ ఊరూరా తిరిగింది. 1942లో జెమిని వాసన్ దీన్ని సినిమాగా తీస్తే, చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో కాంచనమాల బాలనాగమ్మ అయింది. మరాఠీ వేషం డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు గారిది. తర్వాత కన్యాశుల్కం సినిమాలో లుబ్ధావధాన్లు ఆయనే. కార్యవర్ధి వేషం బందా కనకలింగేశ్వరరావు గారిది. ఇద్దరూ నాటకాల నుంచి వచ్చినవాళ్ళే. 1959లో మళ్ళీ వేదాంతం రాఘవయ్య తీశారు, ఎన్టీ రామారావు, అంజలీదేవి, మరాఠీగా ఎస్వీ రంగారావు. సినిమాల సంగతి ఇంతటితో చాలు. నేను మాట్లాడేది తెర ముందు పాడి, ఆడి, పొగలోంచి మాయమయ్యే బాలనాగమ్మ గురించి. ఆ నాటకం పేరు చెబితే సురభి పేరు చెప్పకుండా కుదరదు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా కీచకవధ ఆడిన కుటుంబమది. వనారస గోవిందరావు మూలపురుషుడు. అంతకుముందు వాళ్ళ పెద్దలు తోలుబొమ్మలు ఆడించేవారు, ఇంకా వెనక్కు వెళితే మహారాష్ట్ర నుంచి వలస వచ్చినవారు. అంటే మాయల మరాఠీని మనకు ఇన్నేళ్ళుగా ఆడి చూపిస్తున్నది మరాఠీ మూలాలున్న కుటుంబాలే. ఈ మాట వాళ్ళ దగ్గర అంటే వాళ్ళే ముందు నవ్వుతారు. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో సురభి ఇళ్ళ ఆడవాళ్ళు రంగస్థలం ఎక్కారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి సురభి కమలాబాయి. బాబ్జీగా అందరూ పిలిచిన సురభి నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది, 2022లో ఆయన వెళ్ళిపోయారు. ఇవాళ ఆ కుటుంబాల్లో చాలామంది ఉండే లింగంపల్లి మనకు దూరమేమీ కాదు, ఔటర్ రింగ్ రోడ్డెక్కితే రాత్రి నాటకం చూసి పడుకునే వేళకు ఇల్లు చేరొచ్చు.

సారు పరదాలూ పొగలూ అన్నది నిజమే. సురభి వాళ్ళు వాటిని ట్రిక్కు సీన్లంటారు. సన్నని తీగ మీద బాణాలు ఎదురెదురుగా వచ్చి కొట్టుకుంటాయి, ఆకాశంలోంచి మనుషులు దిగుతారు, చూస్తుండగానే మనిషి ఉన్నచోట మరోటి ఉంటుంది. మన పక్కనే నర్కూడ అమ్మపల్లి గుడి దగ్గర సినిమా వాళ్ళు షూటింగులు చేస్తుంటారు కదా, అక్కడ మాయ అంటే కెమెరా ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. ఇక్కడ ఆపడానికి ఏమీ లేదు. వింగు పక్కన నిలబడ్డ మేనమామ తాడు వదలాలి, వదినె పొగ వేయాలి, పెద్దనాన్న పరదా చుట్టాలి. అరక్షణం తేడా వస్తే మంత్రగాడి పరువు పోతుంది. కథ మొత్తంలో అందరికంటే ఒంటరివాడు మరాఠీ, రంగస్థలం వెనక అందరికంటే ఎక్కువమంది చుట్టాలు పనిచేసేది కూడా వాడి కోసమే. ఈ సంగతి నన్ను ఎప్పుడూ వదలదు.

ఇక పాత్రలు. ఈ మధ్య పిల్లలు ఫోన్లో ప్రశ్నలకు జవాబులిచ్చి మనుషుల్ని నాలుగేసి ఇంగ్లీషు అక్షరాల మూసల్లో పెడుతున్నారు, మొత్తం పదహారు మూసలు. కథల్లో పాత్రలకూ అదే అంటిస్తున్నారు. పూర్వం మన లాక్షణికులు నాయకులను నాలుగు రకాలు చేశారు, ధీరోదాత్తుడు మొదలుకొని. 1928లో రష్యాలో వ్లదిమిర్ ప్రాప్ అద్భుత కథలను విప్పి చూసి, వేషాలు ఏడే, జరిగే పనులు ముప్పయ్యొక్కటే అని తేల్చాడు. ప్రాప్ లెక్కలో మరాఠీ ప్రతినాయకుడు, బాలవర్ధి నాయకుడు, పెద్ది సాయం చేసేది. లెక్క సరిపోతుంది. సారు మాట కూడా అదే కదా. కాని రెండు గంటలు కుర్చీలో కూర్చొని నాటకం చూసినప్పుడు నాకు తోచింది వేరు. ఈ నాటకంలో ఒక్కడు తప్ప ప్రతి మనిషీ ఏదో ఒకటి దాచుకుంటాడు. ఏం దాచాడు, ఎక్కడ దాచాడు, ఎంతకాలం దాచగలిగాడు అన్నది పట్టుకుంటే వాడి స్వభావం మొత్తం చేతికొస్తుంది.

కార్యవర్ధి రాజును ముందు తీసుకుంటాను, ఆయన దగ్గర ఆగాల్సిన పని తక్కువ గనక. ఆయన దగ్గర దాచడానికేమీ లేదు. కోపం వస్తే కోపంగానే కనిపిస్తాడు, భార్యను తెచ్చుకోవాలనిపిస్తే సేనతో సహా గుర్రమెక్కి డబ్బా కొట్టుకుంటూ వెళతాడు. మాయలమారి ఇంటి ముందుకు అలా వెళ్ళినవాడు రాయి కాక ఏమవుతాడు? నటుడికి ఇది మంచి వేషమని కంపెనీల్లో అనుకుంటారు, పద్యాలు ఉంటాయి గనక. గొంతున్నవాడికి మంచి వేషమే.

మరాఠీ దాచింది ప్రాణాన్ని. ఒంట్లో లేని ప్రాణానికి ఒంటి భయాలు ఉండవు. కత్తికి, విషానికి, రోగానికి వెరవడు. అందుకే వాడి అడుగు బరువుగా ఉంటుంది, నవ్వు పొడుగ్గా ఉంటుంది. మన నాటకాల్లో రాక్షసుడి నవ్వు అనే ఒక సంప్రదాయం ఉంది, హార్మోనియం ఒక్క స్వరం మీద ఆగి ఉంటే తబలా దాన్ని తరుముతుంది. చాలామంది నటులు అక్కడితో వేషం అయిపోయిందనుకుంటారు. నాకు మిగతాది ముఖ్యం. భయం లేనివాడికి అనుమానం కూడా ఉండదు. ఇల్లంతా తాళాలు వేసుకొని పడుకునేవాడు చప్పుడైతే లేస్తాడు, ఇంట్లో ఏమీ లేనివాడు లేవడు. మరాఠీ ఆ రెండోవాడు. ఎవరో ముసలమ్మ మనవడంటూ ఒక కుర్రాడు రోజూ పూలు తెస్తుంటే, ఈ ముఖం ఎక్కడో చూశానే అన్న ఆలోచన వాడికి రాదు. ఏళ్ళ తరబడి నోము అంటూ ఉంటే ఇది ఏం నోము అని అడగడు. పండితుల్లో కొందరు దీన్ని కథలోని లోపం అంటారు. లోపం కాదని నేనంటాను, అదే వాడి స్వభావం.

మరి అంత దాచినవాడు రహస్యం ఎందుకు చెప్పాడు? ఇక్కడే సారుతో నాకు అసలు పేచీ. ఆడది లాలించి అడిగింది, వాడు మోహంలో కక్కేశాడు, ఇంతకంటే ఏముంది అంటారు ఆయన. ఒక్క మోహమే అయితే మొదటి ఏడాదే చెప్పి ఉండాలి. వాడు చెప్పేది చాలా ఏళ్ళ తర్వాత, ఆమె వాడి క్షేమం గురించి అడిగినప్పుడు. నీకేమైనా అయితే నా గతేమిటి అన్న అర్థం వచ్చేలా ఆమె మాట్లాడుతుంది. పుట్టినప్పటి నుంచి వాడిని ఎవరూ ఆ మాట అడిగి ఉండరు. చావనివాడికి ఏమైనా అవుతుందేమో అని ఎవరు బెంగపడతారు? తన కోసం ఒకరు బెంగపడుతున్నారన్న ఆనందంలో, నాకేమీ కాదు, చూడు, నా ప్రాణం ఇదిగో ఇక్కడ ఉంది అని ఆమెను ఓదార్చడానికి చెబుతాడు. ఆ సీనులో మరాఠీ గొంతు తగ్గించిన నటుణ్ణి నేను ఒకరిని చూశాను. గట్టిగా నవ్వుతాడేమోనని ఎదురుచూస్తున్న జనం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ఆయన పేరు ఎవరికీ గుర్తు లేదు, ఎనౌన్సుమెంటులో కూడా వేషం పేరే చెప్పారు.

ప్రాణాన్ని బయట దాచే రాక్షసులు మనకే కాదు, లోకమంతా ఉన్నారు. రష్యాలో కష్చేయ్ అని ఒకడు, వాడి ప్రాణం సూది మొనలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో, పెట్టె ఓక్ చెట్టు కింద. అయితే మన బాలనాగమ్మకు ఇంకా దగ్గరి బంధువు ఒకటి అచ్చులో ఉంది. 1868లో లండన్‌లో ఓల్డ్ డెక్కన్ డేస్ అని ఒక పుస్తకం వచ్చింది. బొంబాయి గవర్నర్ సర్ బార్టిల్ ఫ్రియర్ కూతురు మేరీ ఫ్రియర్, తమ ఆయా ఆనా లిబరాటా డిసౌజా చెప్పగా విని రాసిన కథలవి. మొదటి కథ పంచ్‌కిన్. రాజుకు ఏడుగురు కూతుళ్ళు, తల్లి చనిపోతుంది, సవతితల్లి వస్తుంది. చిన్న కూతురి పేరు బాల్నా. పంచ్‌కిన్ అనే మంత్రగాడు ఆమెను చిన్న నల్లకుక్కను చేసి తీసుకుపోతాడు, మగవాళ్ళు రాళ్ళవుతారు, కొడుకు పెరిగి వెతుక్కుంటూ వచ్చి తోటమాలి భార్య ఇంట్లో చేరి ఆడపిల్ల వేషం వేస్తాడు, ప్రాణం పచ్చని చిలుకలో ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి! ఫ్రేజర్ పండితుడు గోల్డెన్ బౌ గ్రంథం రాసినప్పుడు ప్రాణాన్ని బయట దాచడం అన్న అధ్యాయంలో ఈ కథను ఎత్తుకున్నాడు కూడా. మన దక్కన్ కథ ఒక ఆయా నోటి నుంచి అలా లండన్ చేరి, అక్కడి పండితుల బల్లలెక్కింది. మనకు మాత్రం ఇది పిల్లల ఆట!

కాని ఆ పుస్తకంలో కథకూ, మన నాటకానికీ రెండు పెద్ద తేడాలున్నాయి. బాల్నా మంత్రగాడిని పెళ్ళాడనని మొండికేస్తుంది, వాడు ఆమెను ఎత్తయిన బురుజులో పెడతాడు. బాలనాగమ్మ అలా అనదు. కాదు అని ఒక్కసారి కూడా అనకుండా, ఔను అని ఒక్కసారి కూడా అనకుండా, నోము ఉంది, అయిపోనీ అంటుంది. ఇది చిన్న మార్పు కాదు. సీత అశోకవనంలో గడ్డిపోచ అడ్డం పెట్టుకొని రావణుడితో మాట్లాడింది, ఆమె నిరాకరణలో తేజస్సు ఉంది, మన పౌరాణిక నాటకాలన్నీ ఆ తేజస్సు మీదే నడిచాయి. సారుకు అలవాటైన స్త్రీ పాత్ర అదే. బాలనాగమ్మ రాజు కూతురైనా ఆమె తెలివి రాజుల ఇళ్ళది కాదు. అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే చెంబుతో నీళ్ళిచ్చి, ఆయన ఊళ్ళో లేడు, వచ్చే అమావాస్యకు రండి అని పంపే ఇల్లాలి తెలివి. ఆమె దాచింది కాలాన్ని. మరాఠీ ముందు ప్రతి పూటా ఇవాళ్టిని కొంచెం దాచి రేపటికి మిగుల్చుకుంది.

ఆ వేషం కట్టడం ఎంత కష్టమో చూడండి. మరాఠీ ఎదుట ఒక ముఖం, వాడు వెనుదిరిగితే ఒక ముఖం, ఒంటరిగా పాడుకునేటప్పుడు ఇంకో ముఖం. మూడూ ఒకే చీరలో, ఒకే వెలుతురులో. పాట ఇక్కడ అలంకారం కాదు, పనిముట్టు. వచనంలో ఆమె అబద్ధం చెబుతుంది, పద్యంలో నిజం చెబుతుంది. మరాఠీ వచనం వింటాడు, పద్యం మనం వింటాం. ఇలాంటి అమరిక సంగీత నాటకంలో తప్ప మాటల నాటకంలో సాధ్యం కాదు. పైగా మన ప్రేక్షకులకు ఒక దుర్గుణం ఉంది, వన్స్ మోర్. రాగం బాగుంటే కథ ఆగిపోవాల్సిందే. విమర్శకులు దాన్ని తిట్టారు, సారు కూడా తిట్టేవారు, ఆయన పాడేటప్పుడు తప్ప. నాకైతే బాలనాగమ్మ పద్యానికి వన్స్ మోర్ పడితే ఆమెకు జనం ఇంకో రెండు నిమిషాల గడువు ఇప్పించినట్టే ఉంటుంది.

(పైన విమానం దిగుతోంది, కాస్త ఆగుదాం. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి ఈ ఊళ్ళో ఉపన్యాసకులందరికీ ఇది అలవాటే. మరాఠీ ప్రవేశానికి ఇలాంటి చప్పుడు దొరికితే సురభి వాళ్ళు డబ్బిచ్చి కొనుక్కునేవారు.)

రెండో తేడా సంగు. పంచ్‌కిన్ కథలో సంగు లేదు. ఆయా చెప్పిన కథలో మంత్రగాడి ఇంట ఇంకో ఆడది కనిపించదు. మన కథలో బాలనాగమ్మ రాకముందే ఆ కోటలో ఒకామె ఉంది, మరాఠీ ఉంచుకున్న మనిషి. 1942 సినిమాలో ఆ వేషం పుష్పవల్లి వేశారు. మన వాళ్ళ చేతిలో సంగు ఎక్కువగా ఆటకూ పాటకూ పనికొచ్చింది, వేషం నిండా నగలు, పాట నిండా వగలు. అది నష్టమని నా అభిప్రాయం. సంగు స్థితిని ఒక్కసారి తలచుకోండి. ఆమెను ఎవరూ కుక్కను చేసి తేలేదు, తనే వచ్చింది, లేదా రాక తప్పని చోటి నుంచి వచ్చింది. ఆ ఇంటి దీపం వెలిగించేది ఆమె, మరాఠీ నిద్రపోతే చూసేది ఆమె. అంతకాలం పక్కన ఉన్న ఆమెకు వాడు చిలుక సంగతి చెప్పలేదు. తన తర్వాత కుక్కగా వచ్చినదానికి చెప్పాడు. సంగుకు అసూయ ఉండదా? ఉంటుంది. ఆ అసూయను ఆమె ఎంతవరకు దాచుకోగలదు, దాచుకున్నది ఎవరి పక్షాన ఖర్చు పెడుతుంది అన్నదే నాటకంలో నిజమైన ఉత్కంఠ, చిలుక దొరుకుతుందా లేదా అన్నది కాదు. చిలుక దొరుకుతుందని మూడేళ్ళ పిల్లవాడికి కూడా తెలుసు.

నాకే గనక నాటకం చేతికిస్తే, రహస్యం చెప్పే సీనులో సంగును వింగు పక్కన నిలబెట్టి వినిపిస్తాను. ఆమెకు ఒక్క మాట కూడా ఇవ్వను.

ఇక్కడ అమెరికా నాటకం ఒకటి గుర్తుకొస్తోంది. 1987లో బ్రాడ్వేలో ఇన్‌టు ది వుడ్స్ ఆడారు. జేమ్స్ లాపైన్ రచన, స్టీవెన్ సాండ్‌హైమ్ సంగీతం. సిండ్రెల్లా, ఎర్ర టోపీ పిల్ల, చిక్కుడు తీగ ఎక్కిన జాక్, గోపురంలో దాచిన పిల్ల రాపంజెల్, అందరినీ ఒకే అడవిలోకి పంపారు. అక్కడ కూడా మంత్రగత్తె తను దాచుకున్న పిల్ల కోసమే అంత చెడ్డదయింది. ఆ మొదటి ప్రదర్శనల్లో తోడేలు వేషమూ, సిండ్రెల్లా రాకుమారుడి వేషమూ ఒకే నటుడు కట్టాడు. ఆకలి ఒకటే, బట్టలు వేరు అని ప్రేక్షకుడికి చెప్పకుండా చెప్పడం అది. దీన్ని అక్కడ గొప్ప ఆలోచన అన్నారు. సురభిలో ఒక మనిషి ఒకే రాత్రి మూడు వేషాలు వేయడం మామూలు సంగతి, మనుషులు చాలక. కాని చాలకపోవడంలోంచి కూడా అర్థం పుడుతుంది. సవతితల్లి వేషం కట్టినామే తర్వాత సంగుగానో పెద్దిగానో వస్తే, చూసేవాళ్ళ మనసులో ఏదో కదులుతుంది. మా పిల్లలు మాత్రం, అగో, మళ్ళీ ఆమెనే వచ్చింది అని అరుస్తారు. అదీ ఒక విమర్శే.

సురభి వాళ్ళకు ఇంకో విశేషం ఉంది, అమెరికా వాళ్ళకు దొరకనిది. సురభి ఇళ్ళలో పుట్టిన బిడ్డ ఉయ్యాలలో బాలవర్ధిగా రంగస్థలం ఎక్కుతుంది. ఆడపిల్లయినా సరే, ఉయ్యాలలో ఎవరికి తెలుసు! ఎదిగితే నడిచే బాలవర్ధి, ఆ తర్వాత కార్యవర్ధో బాలనాగమ్మో, నడుము వంగితే పెద్ది, గొంతు పోతే హార్మోనియం, చేతులు వణికితే పరదా తాడు. పాత్ర నుంచి పాత్రకు వాళ్ళు వయసుతో పాటు నడుస్తారు. బాలనాగమ్మ వేసే ఆమె ఒకప్పుడు ఉయ్యాలలో పడుకొని ఇదే పద్యం విన్నది. ఇక ఆ పాత్ర మనస్తత్వం గురించి ఆమెకు నేను పాఠం చెప్పబోతే ఎంత వింతగా ఉంటుంది! నాటక దర్శకుడు బి.వి. కారంత్ కూడా చిన్నతనంలో గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో పెరిగినవాడు గనక ఈ సంగతి తెలిసినవాడు. ఆయన వచ్చి సురభితో భీష్మ, చండీప్రియ, బ్రెఖ్ట్ నాటకం ఆధారంగా బస్తీ దేవత యాదమ్మ చేయించినప్పుడు వాళ్ళకు ఉన్నదాన్ని మాన్పించకుండా వాడుకున్నారు.

బాలవర్ధి గురించి చెప్పలేదంటారేమో. వాడు దాచింది తన పేరు ఒక్కటే. పూలబుట్ట మోసే మనవడిగా తిరిగాడు, తల్లి గుర్తుపట్టినప్పుడు ఏడవకుండా నిలబడ్డాడు. బాగా పాడే కుర్రాడు దొరికితే చాలు, వేషం దానంతటదే నడుస్తుంది.

తంబళి పెద్ది మాత్రం అంత తేలిక కాదు. ఆమె దాచింది పిల్లవాణ్ణి, అదీ మరాఠీ కోట నీడలోనే, వాడి అన్నం తింటూ, వాడికి పూలు కడుతూ. దొరికితే ఆమెను కాపాడే నోము లేదు, చిలుక లేదు. రాజుల కథల్లో పనివాళ్ళ ధైర్యాన్ని ఎవరూ పద్యాలు కట్టి పాడరు. పెద్దికి సాధారణంగా హాస్యం అప్పజెబుతారు, వంగిన నడుము, బోసి నోరు, నాలుగు నవ్వుల మాటలు. నవ్వించనివ్వండి, తప్పు లేదు. అయితే నేను చూసిన ఒక ప్రదర్శనలో మరాఠీ మనుషులు వచ్చి, ఈ పిల్లగాడెవడు అని అడిగినప్పుడు పెద్ది వేసిన నటి జవాబు చెప్పే ముందు కొంచెం సేపు పూలు గుచ్చుతూనే ఉండిపోయింది. ఆ తర్వాత నా మనవడు అంది. అంతే. ఆ కొంచెం సేపట్లో ఒక మనిషి మొత్తం బయటపడింది. అందులో పరదా లేదు, పొగ లేదు. సారు ఆ రోజు వచ్చి ఉంటే బాగుండేది.

చిలుకను చంపే సీను గురించి ఒక్క మాట. కాలు విరిస్తే మరాఠీ కాలు పోవాలి, రెక్క విరిస్తే చెయ్యి పోవాలి, మెడ నులిమితే పడిపోవాలి. జనం ఈలలు వేస్తారు. ఇక్కడ మరాఠీ నటుడు దూరంగా విరుగుతున్న చిలుకను చూస్తూ చావాలి. అంతవరకు ఒంటికి భయం తెలియనివాడు మొదటిసారి నొప్పి అంటే ఏమిటో అప్పుడే నేర్చుకుంటాడు. ఆ ఆశ్చర్యాన్ని చూపగలిగితే ఆ వేషం పండినట్టే. ఈలల్లో అది కొట్టుకుపోతుందని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను.

చివరిగా నాటకం ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. మరాఠీ చచ్చాక రాళ్ళు మనుషులవుతాయి, కార్యవర్ధి లేస్తాడు, అందరూ కలుస్తారు, మంగళం. సాండ్‌హైమ్ నాటకం మొదటి అంకం కూడా ఇలాగే శుభంగా ముగుస్తుంది, రెండో అంకం ఆ శుభం తర్వాత ఏమైందో చూపిస్తుంది. మన నాటకానికి రెండో అంకం ఎదురుగా పడి ఉంది. కార్యవర్ధి రాయిగా ఉన్నాడు కదా, రాయికి వయసు రాదు. లేచినప్పుడు ఆయనకు నిన్న గుర్రమెక్కినట్టే ఉంటుంది, భార్యను వెతకడానికి బయల్దేరిన కోపం కూడా ఇంకా చల్లారి ఉండదు. ఎదురుగా ఉయ్యాలలో వదిలిన కొడుకు మీసాలతో నిలబడి ఉంటాడు. పక్కన బాలనాగమ్మ, అన్ని ఏళ్ళూ ఒక్కొక్క రోజుగా గడిపినామె, ఆయనకంటే పెద్దదై ఉంటుంది. ఆమె ఆ ఏళ్ళన్నీ ఎక్కడ, ఎలా ఉన్నదో ఆయన అడుగుతాడా? రామాయణంలో ఒకాయన అడిగాడు. అడిగితే ఆమె వచనంలో చెబుతుందా, పద్యంలోనా?

నేను చూసిన ఏ ప్రదర్శనలోనూ ఈ సీను లేదు. ఈ సభలో రాయగలిగినవాళ్ళు ఉన్నారు, పాడగలిగినవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. దానికి తీగ అక్కర్లేదు, మేనమామలు వింగుల్లో నిలబడనక్కర్లేదు. ఇద్దరు నటులు కావాలి. బాలనాగమ్మ వేసే ఆమె, కార్యవర్ధి వేసే అతనికంటే వయసులో ఓ పదిహేనేళ్ళు పెద్దదయితే మరీ మంచిది.